ప్లెవ్నా ముట్టడిలో తుపాకులు: గుణదోషాల పరిశీలన

1877 జూలై మాసంలో విదిన్ కోట నుంచి బయలుదేరిన ఉస్మాన్ నూరీ పాషా సుమారు పదిహేను వేల సైన్యంతో ఎండలో వారం రోజులు నడిచి ప్లెవ్నా చేరుకున్నాడు. ఉత్తర బల్గేరియాలోని ఆ పట్టణానికి కోటగోడ లేదు, బురుజులు లేవు. చుట్టూ గుట్టలు, ద్రాక్షతోటలు, జొన్న చేలు, పడమట విద్ నది, అంతే. అలాంటి చోట డిసెంబరు వరకు, అంటే దాదాపు ఐదు మాసాలపాటు, ఉస్మానియా సేన రష్యా సామ్రాజ్యపు ప్రధాన సైన్యాన్ని నిలువరించింది. ఉస్మాన్ పాషాకు సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ ‘గాజీ’ బిరుదు ఇచ్చింది ఈ పోరాటానికే. ఆ సమాచారం విని హిందూ దేశపు ముస్లిములు తమ పట్టణాల్లో సభలు జరిపి, గాయపడిన తుర్కు సైనికుల కోసం, అనాథల కోసం విరాళాలు పంపారు.

ప్లెవ్నా గురించి మాట్లాడేటప్పుడు సైనికుల విశ్వాసం, సేనాని స్థైర్యం తప్పక చెప్పుకుంటారు. అవి నిజం. అయితే వారి చేతుల్లో ఏ తుపాకి ఉంది, ఎదుటివాని చేతిలో ఏది ఉంది అన్న సంగతి మన పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. పడమటి దేశాల పుస్తకాలలో కనిపించినా అది తరచు ఒక కథ రూపంలోనే ఉంటుంది. తుర్కులు అమెరికా నుంచి తెప్పించిన వించెస్టర్ అనే పదిహేడు గుండ్ల మాయ తుపాకితో రష్యన్లను చెండాడారని ఆ కథ. వినడానికి బాగుంటుంది గాని, ఆ కథ అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది.

ముందుగా ఆ వించెస్టర్ సంగతే చూడాలి. 1866 నమూనాకు చెందిన ఈ తుపాకులను ఉస్మానియా ప్రభుత్వం 1870, 1871 సంవత్సరాలలో కొన్నది. పొడవు గొట్టం గలవి 45,000, గుర్రపు దళం కోసం పొట్టివి 5,000. గొట్టం కింద మరొక సన్నని గొట్టం ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలుస్తాయి. మీటను ఒకసారి కిందికి, పైకి ఆడిస్తే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. ఆ కాలపు సైనికునికి ఇది వింతే. ఇతరులు రెండు గుండ్లు పేల్చే లోపల ఇతడు పది పేల్చగలడు. దోషం తూటాలో ఉంది. అందులో మందు చాలా తక్కువ, కేవలం 28 గ్రెయిన్లు. యంత్రం దేహాన్ని కంచు వంటి మెత్తని లోహంతో పోతపోశారు. అంతకు మించిన బలమైన మందును అది ఓర్చుకోలేదు. కాబట్టి రెండు వందల గజాలు దాటితే ఆ గుండుకు నమ్మకం లేదు. పైగా లోపలి గొట్టం ఖాళీ అయిన తరువాత తూటాలు మళ్లీ ఒక్కొక్కటిగా నింపుకోవాలి. శత్రువు కందకం అంచుకు వచ్చినప్పుడు దీనికి సాటి లేదు. అంతకు ముందు ఇది మూల నిలబెట్టే వస్తువే. ప్లెవ్నాలో శత్రువు కందకం అంచుకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి, వాటిలో వించెస్టర్ తన పని చేసింది. కాని రష్యన్ల దండు అక్కడికి చేరక ముందే సగం విరిగిపోయేది. దాన్ని విరిచినది వేరొక తుపాకి.

దాని పేరు పీబాడీ-మార్టినీ. అమెరికాలోని బోస్టన్ వాసి హెన్రీ పీబాడీ 1862లో ఒక పద్ధతి కనిపెట్టాడు. గొట్టం వెనుక ఒక ఉక్కు దిమ్మె ఉంటుంది. మీటను కిందికి లాగితే దిమ్మె ముందుభాగం వాలి గొట్టం నోరు తెరుచుకుంటుంది. తూటా పెట్టి మీట ఎత్తితే మూసుకుంటుంది. పీబాడీ తుపాకికి పక్కన సుత్తి ఉండేది, దాన్ని వేరుగా బొటనవేలితో ఎత్తాలి. స్విట్జర్లాండులో పనిచేసిన మార్టినీ అనే ఇంజనీరు ఆ సుత్తిని తీసేసి, మీట కదలికతోనే లోపలి సూది దానంతట అదే ఎక్కేటట్లు చేశాడు. ఒక పని తగ్గింది. బ్రిటిషువారు 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ దీని తోబుట్టువే. ఉస్మానియా ప్రభుత్వం రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ టూల్ కంపెనీతో ఒప్పందం చేసుకుని, దాన్ని పెంచుతూ పోయి, మొత్తం 600,000 తుపాకులకు ఆర్డరు ఇచ్చింది. చాలా వాటి ఉక్కుపై సుల్తాను తుగ్రా ముద్ర ఉండేది. గురి పలకపై దూరాలను అరబీ అంకెలలో చెక్కారు. అనాతోలియా పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ ఆ అంకెలు చదువుకోగలడు.

ఆ తుపాకులను ఫ్యాక్టరీలోనే పరీక్షించి తీసుకోవడానికి ఇస్తాంబూల్ నుంచి అమెరికా వెళ్లిన అధికారి విదిన్ వాస్తవ్యుడైన హుసైన్ తౌఫీఖ్ పాషా. ఆయన గణిత పండితుడు. తరువాత 1882లో ‘లీనియర్ ఆల్జీబ్రా’ అనే గ్రంథాన్ని ఇంగ్లీషులో రాసి ఇస్తాంబూల్‌లో ప్రచురించాడు. ఉస్మాన్ పాషా ఏ పట్టణం నుంచి నడిచి ప్లెవ్నా చేరాడో ఆ పట్టణంలో పుట్టినవాడే ఆ సైనికుల తుపాకులను పరీక్షించి పంపినవారిలో ఉండటం చరిత్రలో తారసపడే చిత్రాలలో ఒకటి.

ఇక గుణం మాట. పీబాడీ-మార్టినీ గొట్టం వ్యాసం 11.43 మిల్లీమీటర్లు. ఇత్తడి తొడుగు గల తూటా, బరువైన గుండు, నిండుగా మందు. గుండు సెకనుకు 400 మీటర్లకు మించిన వేగంతో బయలుదేరేది. వెయ్యి గజాలు దాటిన దూరానికి కూడా గురి పలక అమర్చుకోవచ్చు. విడి భాగాలు తక్కువ, దుమ్మును కొంత ఓర్చుకుంటుంది, సామాన్య సైనికునికి నేర్పడం సులభం. దోషాలు కూడా ఉన్నాయి. పేల్చినప్పుడు తుపాకి మడమ భుజాన్ని గట్టిగా తన్నేది. వరుసగా ఇరవై, ముప్పై గుండ్లు పేలిస్తే గొట్టం చేతికి అంటుకునేంతగా వేడెక్కేది. మీట కిందికి వాలాలి కాబట్టి నేలపై బోర్లా పడుకున్నవానికి ఇబ్బంది. ఇక నల్లమందు పొగ ఎవరికైనా తప్పదు. అయితే కందకంలో నిలబడి మట్టిగోడపై తుపాకి ఆనించినవానికి ఈ దోషాలలో సగం లెక్కలోకి రావు. గోడ కొంత తన్ను తీసుకుంటుంది, మీటకు చోటు ఉంటుంది. ప్లెవ్నా కందకం ఈ తుపాకి కోసమే తవ్వినట్లు సరిపోయింది.

తుర్కు సేన అంతటికీ ఈ తుపాకి అందలేదు. రిజర్వు దళాలలో అనేకుల చేతిలో స్నైడర్ ఉండేది. 1857లో తూటా కొవ్వు వివాదంతో హిందూ దేశంలో పేరు మోసిన ఎన్‌ఫీల్డ్ తుపాకికే వెనుక భాగం కోసి, పక్కకు తెరుచుకునే తలుపు పెట్టి చేసినది స్నైడర్. పాతదాన్ని కొత్తగా మలచుకున్న చవక ఉపాయం. దగ్గర దూరాలకు మంచిదే.

రష్యా వైపు కూడా ఇలాంటి చవక ఉపాయమే ఎక్కువ మంది చేతిలో ఉంది. దాని పేరు క్రింకా. బొహీమియాకు చెందిన తుపాకి నిపుణుడు క్రింకా రూపొందించిన పద్ధతిలో, నోటినుంచి మందు కూరే పాత తుపాకులకు 1869 నుంచి వెనుక తలుపు అమర్చారు. గొట్టం వ్యాసం 15.24 మిల్లీమీటర్లు. గుండు లావు, వేగం తక్కువ, సెకనుకు 300 మీటర్ల చుట్టుపట్ల. అంటే గుండు ఎత్తుగా వంపు తిరిగి పడుతుంది; దూరం అంచనాలో కొద్ది పొరపాటు జరిగినా అది శత్రువు తలపై నుంచి పోతుంది, లేదా ముందే నేలలో గుచ్చుకుంటుంది. మరొక దోషం ఖాళీ తొడుగును లాగే కొక్కెంలో ఉంది. గొట్టం వేడెక్కి మసి పట్టిన తరువాత తొడుగు లోపలే ఇరుక్కునేది. సైనికుడు చువ్వ తీసి ముందునుంచి పొడిచి దాన్ని బయటికి తోసేవాడు. అంత లావు గుండు తగిలితే గాయం భయంకరం, యంత్రం మొరటుది గనుక త్వరగా విరగదు. ఇంతకు మించి దానిలో చెప్పదగిన గుణం లేదు.

రష్యా వద్ద మంచి తుపాకి లేకపోలేదు. అమెరికా కర్నల్ బెర్దాన్ పేరు మోసిన రెండవ నమూనా, 1870 నాటిది, 10.67 మిల్లీమీటర్ల వ్యాసం గలది. వెనుక బోల్టును తలుపు గడియలా లాగి తోసే పద్ధతి. గుండు పీబాడీ-మార్టినీకి ఏమాత్రం తీసిపోని వేగంతో, వంపు తక్కువగా పోయేది. బోల్టును బిగించి పట్టేది దాని పిడి మొదలు ఒక్కటే, ఇది ఒక బలహీనత. అయినా ఆనాటి ఐరోపాలో మొదటి వరుసలో నిలిచే తుపాకి. అయితే యుద్ధం మొదలైన నాటికి రష్యా సేనలో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే దీన్ని అందుకున్నారు. మార్పిడి మధ్యలో యుద్ధం వచ్చింది. ఒకే సేనలో రెండు రకాల తూటాలు కలగాపులగం అవుతాయని ఎన్నో బెర్దాన్లను గిడ్డంగుల్లోనే ఉంచేశారు. జూలైలో ప్లెవ్నాపైకి వెళ్లిన సాధారణ పదాతి సైనికుని భుజాన క్రింకాయే ఉంది.

ఈ పోలికలో అందరికంటే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. క్రింకా గుండు నిజానికి వెయ్యి అంగలకు పైగా పోగలదు. కాని సామాన్య సైనికునికి ఇచ్చిన తుపాకి గురి పలక 600 అంగల వద్దే ఆగిపోయేది, అంటే సుమారు 425 మీటర్లు. హవల్దారు స్థాయి వారికి, ఎంపిక చేసిన గురికాండ్రకు మాత్రమే 1,200 అంగల పలక ఇచ్చారు. కారణం యంత్రం కాదు. పల్లె నుంచి వచ్చిన సైనికునికి దూరం పేల్చే అవకాశం ఇస్తే తూటాలు వృథా చేస్తాడని పై అధికారుల భయం. గుండును నమ్మవద్దు, బాయినెట్టును నమ్ము అని నూరేళ్ల కిందటి సేనాని సువోరొఫ్ చేసిన బోధ వారి చదువులో ఇంకా సజీవంగా ఉండేది. ఫలితంగా ఫ్యాక్టరీ ఇచ్చిన శక్తిలో సగాన్ని వారే ఒక చిన్న ఇనుప పలకతో కోసేశారు.

ఇలాంటి పని మరొక చోట కూడా జరిగింది. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషువారు హిందూ దేశపు సిపాయిల కోసం ఒక ప్రత్యేకమైన ఎన్‌ఫీల్డ్ చేయించారు. చూడటానికి పాతదానిలాగే ఉంటుంది. గొట్టం లోపలి మెలి గాళ్లు మాత్రం ఉండవు, దూరానికి సరిచేసే గురి పలక బదులు కదలని దిమ్మె ఉంటుంది. తెల్ల సైనికుని తుపాకికి సిపాయి తుపాకి ఎప్పుడూ సరితూగరాదని ఉద్దేశం. 1880లో అఫ్‌గానిస్తాన్‌లోని మైవంద్ యుద్ధంలో కూడా బ్రిటిషు పటాలం వద్ద మార్టినీ-హెన్రీ ఉంటే, పక్కనే నిలబడిన దేశీ పటాలాల వద్ద స్నైడర్ ఉంది. బ్రిటిషువారిది పరాయి ప్రజలపై అపనమ్మకం. రష్యా ప్రభువులది సొంత రైతుబిడ్డపై అపనమ్మకం. తుపాకి మీద రెండూ ఒకే చోట, గురి పలక వద్ద, ముద్ర వేశాయి.

ప్లెవ్నా వద్ద ఆ పలక వెల ఎంతో తెలిసింది. తుర్కులు రెండు వేల అంగల దూరం నుంచే, అంటే సుమారు 1,400 మీటర్ల నుంచే, కాల్పులు మొదలుపెట్టేవారు. కందకాల్లో తూటా పెట్టెలు తెరిచి సైనికుల పక్కనే ఉంచారు. గోడపై తుపాకి పెట్టి, ఒక్కొక్కసారి తల కూడా ఎత్తకుండా, మీట ఆడిస్తూ పోయేవారు. యూరపు సైనిక శాస్త్రం ప్రకారం ఇది గురి లేని దుబారా. ఒక్కొక్కరి గురి చూస్తే ఆ విమర్శ సరైనదే. అయితే వేలాది తుపాకులు కలిసి ఒక మైదానాన్ని గుండ్లతో కప్పుతున్నప్పుడు లెక్క మారుతుంది. రష్యా సైనికుడు 2,000 అంగల వద్ద గుండ్ల వాన కింద అడుగుపెట్టి, తన పలక పనికివచ్చే 600 అంగల వరకు బదులు చెప్పకుండా నడవాలి. ఆ దూరం మామూలు నడకలో పది నిమిషాలు. నిమిషానికి ఎనిమిది గుండ్ల చొప్పున వేసుకున్నా, కందకంలోని ఒక్కొక్క తుర్కు సైనికుడు ఆ వ్యవధిలో ఎనభై గుండ్లు పంపగలడు. వాటిలో డెబ్బై ఎనిమిది గాలిలో పోయినా దండు నిలవదు.

అదే జరిగింది. జూలై 20న మొదటి దాడిలో రష్యన్లు దాదాపు 2,800 మందిని కోల్పోయారు; వచ్చినవారిలో ఇది మూడో వంతు. జూలై 30న రెండవ దాడిలో సుమారు ఏడు వేల మంది. మూడవ దాడికి రుమేనియా సేన కూడా తోడు వచ్చింది. ఆ రుమేనియన్లలో కొందరి వద్ద పీబాడీ తొలి నమూనా తుపాకులున్నాయి. ఒకే బోస్టన్ పనివాని ఆలోచన కందకానికి ఇరువైపులా నిలబడిందన్నమాట. నాలుగు రోజులు ఫిరంగులు మోగాయి గాని మెత్తని మట్టి కట్టలు గుళ్లను మింగేశాయి. సెప్టెంబరు 11 జార్ రెండవ అలెగ్జాండర్ నామదినం. ఆయనకు కానుకగా ఆ రోజే దాడి నిర్ణయించారు. తుర్కుల పంచాంగంలో అవి హిజ్రీ 1294 రంజాన్ మాసపు తొలి రోజులు. స్కోబెలెఫ్ అనే సేనాని దక్షిణాన రెండు మట్టి దుర్గాలు పట్టుకున్నాడు, మరునాడే ఉస్మాన్ పాషా వాటిని తిరిగి తీసుకున్నాడు. రష్యా, రుమేనియాల నష్టం పదహారు వేలకు తక్కువ కాదు. తుర్కుల నష్టం అందులో సగం కూడా లేదు. స్కోబెలెఫ్ పాఠం నేర్చుకున్నాడు. తరువాత బాల్కన్ కొండలు దాటేటప్పుడు తన సైనికులలో కొందరికి స్వాధీనం చేసుకున్న తుర్కుల పీబాడీలనే ఇప్పించాడు.

ఇంతవరకు చదివినవారికి పీబాడీ-మార్టినీయే ప్లెవ్నాను కాపాడిందని తోచవచ్చు. అదే మాసాలలో అక్కడికి దక్షిణాన షిప్కా కనుమలో జరిగిన సంగతి ఆ తీర్పును అడ్డుకుంటుంది. ఆగస్టు 21 నుంచి ఆరు రోజులపాటు సులైమాన్ పాషా అదే సల్తనత్ సైనికులను, అదే మంచి తుపాకులతో, నిలువెత్తు కొండపైకి మళ్లీ మళ్లీ పంపాడు. పైన ఉన్నది కొద్దిపాటి రష్యన్లు, బల్గేరియన్ వలంటీర్లు. వారి చేతిలో ఉన్నవి ఈ నాసి క్రింకాలు, ఫ్రాన్సు వారి పాత షాస్‌పోలు. ఎక్కి వస్తున్నవాడు వంద అంగల దగ్గర కనిపిస్తే క్రింకాకు మించిన తుపాకి అక్కర లేదు. తూటాలు అయిపోయిన చోట రాళ్లు, దుంగలు దొర్లించారు. ఎంతో అనుభవం గల తుర్కు సైనికులు వేలాదిగా ఆ వాలులో నేలకొరిగారు, కనుమ దక్కలేదు. దూరం పేల్చే గుణం పైకి ఎగబాకేవానికి ఉపయోగపడదు. క్రింకా దోషాలన్నీ కొండ మీద కూర్చున్నవానికి మాసిపోతాయి. ప్లెవ్నాలో రష్యా సేనానులు చేసిన తప్పునే షిప్కాలో సులైమాన్ పాషా చేశాడు. ఆయన సైనికుల ప్రాణాల విషయంలో చరిత్రకారులు ఆయనను క్షమించకపోవడం న్యాయమే.

రష్యన్లు తమ తప్పును తుపాకి మార్చి దిద్దుకోలేదు, పద్ధతి మార్చి దిద్దుకున్నారు. సెవస్తపోల్ రక్షణలో పేరుపొందిన వృద్ధ ఇంజనీరు టోట్‌లెబెన్‌ను పిలిపించారు. ఆయన దాడులు ఆపించి, చుట్టూ వలయం బిగించి, ఆకలికి పని అప్పగించాడు. ఉస్మాన్ పాషా అప్పటికే ఖాళీ చేసి వెనక్కు పోవడానికి అనుమతి కోరాడు, ఇస్తాంబూల్ ఒప్పుకోలేదు. అక్టోబరు 24న జనరల్ గుర్కో సోఫియా దారిలోని గోర్నీ దుబ్నిక్‌పై జార్ అంగరక్షక దళాన్ని పంపాడు. వారు బాయినెట్టు పద్ధతిలోనే వెళ్లి మూడు వేల మందికి పైగా కోల్పోయిన తరువాత ఆ చోటు దక్కింది. నాలుగు రోజుల తరువాత తెలీష్ వద్ద గుర్కో పదాతిని వెనుక ఉంచి ఫిరంగులతోనే పని జరిపించాడు. స్వల్ప నష్టంతో ఆ స్థావరం లొంగిపోయింది. సోఫియా దారి మూసుకుంది. ఆ మీదట ప్లెవ్నా లోపలికి పిండి రాలేదు, మందులు రాలేదు. పీబాడీ-మార్టినీ గుణాలలో ఏ ఒక్కటీ తగ్గలేదు, కాని కాల్చడానికి ఎదురుగా ఎవరూ రావడం లేదు.

డిసెంబరు 10 తెల్లవారుజామున ఉస్మాన్ పాషా విద్ నది దాటి వలయాన్ని ఛేదించడానికి బయటికి వచ్చాడు. బక్రీదుకు ఇంకా వారం కూడా లేదు. ఐదు మాసాలలో మొదటిసారిగా తుర్కులు ఎదుటివాని కందకం మీదికి బయలు నేలలో నడవవలసి వచ్చింది. మొదటి వరుసను ఛేదించారు కూడా. రెండవ వరుస వద్ద ఆగిపోయారు. సేనాని కాలికి గాయమైంది. నలభై వేలకు పైగా సైనికులు బందీలయ్యారు. ఉస్మాన్ పాషాకు జార్ ఆయన ఖడ్గాన్ని తిరిగి ఇచ్చి గౌరవించాడు. సామాన్య బందీలకు ఆ గౌరవం దక్కలేదు. మంచులో నడకకు ఎందరో దారిలోనే చనిపోయారు. 1878 మార్చి 3న శాన్ స్టిఫానో సంధి జరిగింది. బల్గేరియా నేల నుంచి లక్షలాది ముస్లిం కుటుంబాలవారు మూటలు కట్టుకుని వలసపోయారు.

తుపాకి లెక్కలో ఇంకొక పద్దు మిగిలింది. ఈ ఆయుధం అప్పు మీద వచ్చింది. తుపాకులు, తూటాలలో పెద్ద భాగం అట్లాంటిక్ దాటి రావాలి. అయితే 1875 అక్టోబరులోనే ఉస్మానియా ప్రభుత్వం తన విదేశీ అప్పుల వడ్డీలో సగమే నగదుగా చెల్లించగలనని ప్రకటించి ఉంది. ప్రావిడెన్స్ కంపెనీకి సొమ్ము ఆలస్యంగా అందుతూ వచ్చింది. 1880ల తొలి సంవత్సరాలలో ఆ కంపెనీ కుప్పకూలి, దాని కుట్టుమిషన్ల విభాగం వేరే పేరుతో నిలిచింది. ఇటు 1881లో ముహర్రం ఫర్మానా ద్వారా సల్తనత్ ఆదాయాలలో ఉప్పు, పొగాకు వంటి పద్దులు విదేశీ ఋణదాతల కౌన్సిలు చేతికి పోయాయి. కొన్నవాడు, అమ్మినవాడు ఇద్దరూ ఒకే ఒప్పందం కింద నలిగిపోయిన ఉదాహరణ ఇది.

1887లో ఉస్మానియా ప్రభుత్వం జర్మనీకి చెందిన మౌజర్ కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకుంది. ఈసారి అధికారులు ఒక షరతు పెట్టారు. ఒప్పందం ముగిసే లోపల కంపెనీ ఇంతకంటే మెరుగైన తుపాకి తయారుచేస్తే మిగిలిన వంతు దానితోనే నింపాలి. ఆ షరతు ఉపయోగపడింది. పొగ రాని మందుతో పేలే 7.65 మిల్లీమీటర్ల తుపాకి రాగానే పాత నమూనాను ఆపించి దాన్ని తీసుకున్నారు. పాత పీబాడీ-మార్టినీలను పారవేయలేదు. ఇరవయ్యో శతాబ్ది రెండవ దశకంలో వాటిలో అనేకం ఇస్తాంబూల్ ఆయుధశాలలో తిరిగి విప్పబడ్డాయి. పాత ఉక్కు దిమ్మె, తుగ్రా ముద్ర అలాగే ఉంచి, మౌజర్ తూటాకు సరిపడే కొత్త గొట్టం అమర్చి, బాల్కన్ యుద్ధాల కాలంలో రిజర్వు దళాలకు ఇచ్చారు.